పోలో జీటీకి షాక్స్ మార్చాలంటే: ఎత్తు ముట్టుకోకు, రీబౌండ్ చూసి కొను

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. మిగతావాళ్లకీ అర్థమవుతుంది.

2017 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. పాత ఓనరు 17 అంగుళాల అల్లాయ్స్, 205/45 టైర్లు వేయించాడు. కంపెనీ 16 అంగుళాల చక్రాలు ఇంట్లోనే ఉన్నాయి. రోజూ గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా ఆఫీసుకి వెళ్లొస్తావు, ఆదివారాలు అమ్మానాన్నలతో ప్రయాణం. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు ఎడమ పక్క టక్ టక్, ఆ పక్క షాక్ (షాక్ అబ్జార్బర్) నుంచే ఆయిల్ కారుతోంది. వంద దాటితే బండి తేలుతున్నట్టు ఉంది. మెకానిక్ ఎడమది ఒక్కటే మారిస్తే చాలంటున్నాడు. ఫ్రెండేమో కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాక్ సెట్లు) వేసి 30 మిల్లీమీటర్లు దించేయమంటున్నాడు. చేతిలో 60 వేలున్నాయి.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. బండి ఎత్తు తగ్గించకు. కంపెనీ స్ప్రింగులే ఉంచు. షాక్స్ నాలుగూ మార్చు, వాటితోపాటు పైనున్న రబ్బరు సామానంతా మార్చు. ఆ 17 అంగుళాల చక్రాలు తీసేసి ఇంట్లో ఉన్న 16 వెయ్యి. ఏ బ్రాండు అన్నది ఆ తర్వాతి మాట. నాది అలైన్‌మెంట్, సస్పెన్షన్ పని. షాక్స్ అమ్మే వ్యాపారం కాదు కాబట్టి ఏది కొన్నా నాకొచ్చేదేమీ లేదు.

మన దగ్గర షాక్స్ గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది స్ప్రింగు పని, షాక్ పని కలిపేస్తారు. బండి బరువు మోసేది స్ప్రింగు. బండి ఎంత ఎత్తులో నిలబడాలో, మలుపులో ఎంత వంగాలో ఎక్కువగా తేల్చేది స్ప్రింగూ, రెండు పక్కల చక్రాలనూ కలిపే ఇనుప కడ్డీ యాంటీ రోల్ బారూ. షాక్ బరువు మోయదు. స్ప్రింగు కదిలే వేగానికి కళ్లెం వేస్తుంది, అంతే. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు నొక్కుకుని శక్తి దాచుకుంటుంది, ఆ శక్తిని షాక్ లోపలి ఆయిల్ సన్నని వాల్వుల గుండా దూరుతూ వేడిగా మార్చేస్తుంది. షాక్ చచ్చిపోతే ఆ శక్తి ఎక్కడికీ పోదు, బండి దాంతోనే ఊగుతూ ఉంటుంది. నీకు వందలో తేలుతున్నట్టు అనిపించేది అదే.

వందలోనే ఎందుకు, డెబ్బైలో ఎందుకు లేదు అంటే, దానికి చిన్న లెక్క ఉంది. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. రోడ్డు మీద ఎత్తుపల్లాలు 20 మీటర్లకొకటి చొప్పున ఉన్నాయనుకో, బండి కింద సెకనుకు 1.4 అలలు వెళతాయి. మామూలు కారు బాడీ తన స్ప్రింగుల మీద తనకు తానుగా ఊగే వేగం సెకనుకు 1 నుంచి 1.5 సార్లు. అంటే రోడ్డు అల, బండి ఊపు ఒకదానికొకటి కలిసిపోతాయి. ఉయ్యాలను సరిగ్గా అది వెనక్కొచ్చిన క్షణంలో తోస్తే ఏమవుతుందో ఇక్కడా అంతే, ప్రతి అలకూ ఊపు కాస్త కాస్త పెరుగుతుంది. దాన్ని చంపడమే షాక్ పని. వేగం మార్చితే లెక్క తప్పిపోతుంది కాబట్టి డెబ్బైలో ఆ తేలుడు తెలియదు.

ఈ అలలు మన జిల్లాల్లో ఎక్కువ. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల వానలకు ఉబ్బుతుంది, ఎండలకు బీటలిచ్చి కుంగుతుంది. పైన తారు ఎంత నున్నగా వేసినా కింద మట్టి కదులుతుంటే రెండు మూడేళ్లకు రోడ్డు మెలికలు తిరుగుతుంది. అమరావతి రోడ్డులోనో, నరసరావుపేట వైపో కాస్త వేగంగా పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు. హైవే మీద ఇంకో రకం ఉంది. ఫ్లైఓవరు, కల్వర్టు గట్టి పునాది మీద ఉంటాయి, వాటికి రెండు పక్కలా పోసిన మట్టి కట్ట మాత్రం ఏటికేడు కుంగుతుంది. అందుకే వంతెన ఎక్కేచోట, దిగేచోట బండి ఒక్కసారి పైకి లేచి కిందికి కూర్చుంటుంది. 16వ నంబరు హైవే మీద నీ రోజువారీ దారిలో ఇవి ఎన్ని ఉన్నాయో నాకన్నా నీకే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. షాక్‌కు రెండు దిశలున్నాయి. నొక్కుకునేటప్పుడు ఇచ్చే నిరోధం బంప్, సాగేటప్పుడు ఇచ్చేది రీబౌండ్. మామూలు కార్లలో రీబౌండ్ నిరోధం బంప్ కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ ఉంచుతారు. కారణం తేలికే. గొయ్యి అంచు తగిలినప్పుడు చక్రం స్వేచ్ఛగా పైకి లేవాలి, అప్పుడు షాక్ మొండికేస్తే ఆ దెబ్బంతా నీ నడుముకొస్తుంది. తర్వాత స్ప్రింగు బాడీని పైకి విసిరేటప్పుడు మాత్రం షాక్ గట్టిగా పట్టుకోవాలి.

రెండో సంగతి, షాక్ రాడ్ కదిలే వేగం. ఇది బండి వేగం కాదు. బ్రేకు వేసినప్పుడు ముక్కు దిగడం, మలుపులో ఒరగడం, వంతెన దిగాక తేలడం, వీటన్నిటిలో రాడ్ నెమ్మదిగా కదులుతుంది. గుంత అంచు, పగిలిన తారు, మొన్న పైపు కోసం తవ్వి సరిగ్గా పూడ్చని గాడి, వీటి మీద రాడ్ టకామని కదులుతుంది. మంచి షాక్ నెమ్మది కదలికను గట్టిగా పట్టుకుంటుంది, వేగమైన కదలిక వచ్చేసరికి వాల్వు తెరిచి వదిలేస్తుంది. చవక షాక్ రెండిటికీ ఒకేలా బిగుసుకుంటుంది. షాపులో చేత్తో నొక్కి చూసి "అబ్బ, ఎంత టైటుగా ఉందో" అనేవాళ్లను చూస్తుంటాను. చేత్తో నొక్కితే గుంతలో ఎలా ఉంటుందో తెలియదు.

"బండి టైట్‌గా కావాలి" అని అడిగేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా కావాల్సింది గట్టి స్ప్రింగు కాదు, నెమ్మది కదలికలో మంచి రీబౌండ్. నీ ఉత్తరం చదివితే నీక్కూడా అదే కావాలనిపిస్తోంది. ఇంకో మాట. ఊపు ఒక్కసారికే పూర్తిగా ఆగిపోయేంత నిరోధాన్ని 1 అనుకుంటే మామూలు కార్లకు 0.2 నుంచి 0.4 మధ్య ఉంచుతారు. కంపెనీకి చేతకాక కాదు, 1 పెడితే ప్రతి గులకరాయీ వెన్నెముకకు తెలుస్తుంది. నువ్వు పెంచుకోవాల్సింది ఆ 0.2ను కాస్త 0.4 వైపు, అంతకు మించి కాదు.

ఇక కొనేముందు చూసుకోవాల్సినవి. ఆయిల్ కారుతోందన్నావు కాబట్టి ఎడమ షాక్ పోయినట్టే. రాడ్ కింద సన్నగా చెమట పట్టినట్టు తడి ఉండటం వేరు, అది మామూలే. కింద దాకా జారి దుమ్ము పట్టి ముద్దకట్టిందంటే మాత్రం సీల్ పోయింది. అయితే ఆ టక్ టక్ శబ్దం షాక్‌దే అని నమ్మకు. నెమ్మదిగా గతుకుల మీద పోతున్నప్పుడు వచ్చే టక్ టక్ చాలాసార్లు లింక్ రాడ్‌ది, అంటే యాంటీ రోల్ బారును సస్పెన్షన్‌కు తగిలించే చిన్న కడ్డీది. బండి ఆపి స్టీరింగ్ ఒక పక్కకు తిప్పుతుంటే ముందు నుంచి "టంగ్" మని స్ప్రింగు మెలిపడ్డ శబ్దం వస్తే స్ట్రట్ (ముందు షాక్, స్ప్రింగు కలిసిన భాగం) పైన బాడీకి తగిలించే మౌంట్ బేరింగు. బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి "దబ్" మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చెయ్యి) రబ్బరు బుష్. ముప్పై నలభై వేలు పోసి షాక్స్ మార్చాక కూడా శబ్దం అలాగే ఉందని తిట్టుకుంటూ వచ్చేవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. తీరా చూస్తే లింక్ రాడ్ పోయి ఉంటుంది, దాని ధర షాక్ ధరలో చిన్న వంతు.

టైరు కూడా చూడు. బండి ఆపి టైరు మీద అరచెయ్యి చుట్టూ పోనివ్వు. అక్కడక్కడా ఎత్తుపల్లాలుగా, అలలు అలలుగా తగిలితే షాక్ చచ్చి చాలాకాలమైందని అర్థం, చక్రం రోడ్డు మీద ఎగురుతూ తిరిగింది. లోపలి అంచు మాత్రమే సాఫీగా అరిగితే అది అలైన్‌మెంట్ సంగతి. బానెట్ మీద చేతులేసి నొక్కే పాత పరీక్ష పూర్తిగా చచ్చిన షాక్‌నే పట్టిస్తుంది, సగం పోయినదాన్ని పట్టించదు. దానికన్నా ఫ్లైఓవర్ దిగాక గమనించు. బాడీ ఒకసారి దిగి ఒకసారి లేచి కుదురుకోవాలి. రెండోసారి, మూడోసారి ఊగిందంటే రీబౌండ్ అయిపోయింది.

ఒక్క ఎడమది మారిస్తే చాలన్న మెకానిక్ మాట వినకు. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క 82 వేలు తిరిగింది పెడితే తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు రెండు ముందు చక్రాలూ రెండు రకాలుగా పట్టుకుంటాయి. కనీసం ముందు రెండూ కలిపి మార్చాలి. నీ బండి వయసుకు నాలుగూ మార్చడమే నయం.

రీకండిషన్ గురించి కూడా ఒక మాట. ఆటోనగర్‌లో పాత షాక్స్ కోసి, ఆయిల్ నింపి, వెల్డింగ్ పెట్టి ఇచ్చేవాళ్లున్నారు. లారీలకూ, పాత జీపులకూ ఆ పని వాళ్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు, ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ నీ కారులోవి గ్యాస్ షాక్స్, లోపల నైట్రోజన్ ఒత్తిడి ఉంటుంది. కోయగానే అది పోతుంది, తిరిగి సరైన ఒత్తిడికి నింపే ఏర్పాటు మామూలు షాపులో ఉండదు. పైగా ముందువి స్ట్రట్లు. మాక్‌ఫెర్సన్ అమరికలో స్ట్రట్ ఉత్త షాక్ కాదు, చక్రాన్ని నిలబెట్టే స్తంభం కూడా అదే, స్టీరింగు తిరిగేదీ దాని మీదే. దానికి వెల్డింగు పెట్టి వందలో పోవడం నాకు ఇష్టం లేదు.

ఫ్రెండ్ చెప్పిన దించుడు సంగతికొద్దాం. పోలో గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీ బండికి సుమారు 165 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటేలా. మన ఊళ్లలో అలా వేసినవి ఎన్ని? పెదకాకాని దాటి లోపలి రోడ్లలోకి తిరిగితే చాలు, ఊరివాళ్లు రాత్రికి రాత్రి వేసుకున్న నిటారు గట్లు వరసగా తగులుతాయి. 165లోంచి 30 తీసెయ్, వెనక అమ్మానాన్న, డిక్కీలో సామాను వేస్తే ఇంకొంత పోతుంది. మిగిలిన దాంతో ఆ గట్టు దాటాలి.

రాసుకోవడం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. ముందు సస్పెన్షన్‌లో దించడం వల్ల జరిగే ఇంకో పని చాలామందికి తెలియదు. బండి దిగితే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. దాంతో ముందు రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి కన్నా ఎక్కువగా కిందికి పోతుంది. ఫలితంగా మలుపులో బండిని ఒరగదోసే బలానికి మీట పొడవు పెరుగుతుంది. స్ప్రింగు కూడా బాగా గట్టిదైతే తప్ప, దించిన బండి దించనిదాని కన్నా ఎక్కువ ఒరగొచ్చు. చూడటానికి రేసు కారులా కూర్చుంటుంది, మలుపులో మాత్రం బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా నొక్కుకోకుండా ఆపే రబ్బరు) మీద పడి ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ క్షణంలో ముందు టైర్లు పట్టు వదిలేస్తాయి. హైవే మీద లారీని తప్పించేటప్పుడు అది జరగకూడదు.

ఇంకో చిక్కు ఉంది. మన దేశంలో అమ్మిన పోలో యూరప్ పోలో కన్నా కొంచెం ఎత్తులో నిలబడుతుంది, మన రోడ్ల కోసమే స్ప్రింగులు మార్చారు. యూరప్ కోసం చేసిన "30 మిల్లీమీటర్ల" స్ప్రింగు డబ్బా మీద రాసిన అంకె అక్కడి బండికి. ఇక్కడి బండి అంతకన్నా ఎక్కువ దిగొచ్చు. తీరా బిగించాక "అరే, ఇంత దిగిందేంటి" అని తల పట్టుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

కాయిలోవర్లలో మంచివి లేవని కాదు. బిల్‌స్టీన్ బీ14 లాంటివి బాగా పనిచేస్తాయి, అయితే అవి నీ బడ్జెట్‌లో రావు, నీ వాడకానికి అక్కర్లేదు. నీ ఫ్రెండ్ చెప్పింది గట్టిదనాన్ని 32 క్లిక్కుల్లో మార్చుకునే చవక సెట్. ఆ క్లిక్కుల్లో తేడా తెలిసేవి కొన్నే, మిగతావి ఉత్త శబ్దం. పైన రబ్బరు మౌంట్ బదులు ఇనుప గోళం బేరింగు పెడతారు, మన దుమ్ముకి కొన్ని నెలల్లోనే కటకట మొదలవుతుంది. ఒక్క వానాకాలం బురదలో తిరిగితే ఎత్తు మార్చే మరలు పట్టేసుకుంటాయి, తర్వాత పానా పెట్టినా కదలవు. స్ప్రింగులు కోయించడం, వేడి చేసి దించడం గురించి అసలు మాట్లాడను. స్ప్రింగు చుట్ల మధ్య పెట్టే రబ్బరు బఫర్లు కూడా వద్దు. అవి పెట్టిన చోట చుట్టు పనిచేయడం మానేస్తుంది, భారమంతా మిగతా చుట్ల మీద పడుతుంది.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. కంపెనీ ఎత్తులోనే ఉంచి అరిగిన షాక్ బదులు కొత్తది వేసుకోవడం మరమ్మతు. ఎత్తు మార్చడం వేరు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు క్లెయిమ్ దగ్గర ఆ తేడా బయటపడితే టెన్షన్ నీదే.

ఇప్పుడు ఏది కొనాలి. ఎత్తు మార్చకుండా వేసుకోగలిగేవి నాకు తెలిసి మూడు దారులు.

మొదటిది కంపెనీ లాంటివే కొత్తవి. షోరూము స్పేర్లు కావచ్చు, శాక్స్, మన్రో, కేవైబీ, లేదా బిల్‌స్టీన్ బీ4 కావచ్చు. వీటిని తక్కువగా చూడకు. ఏడెనిమిదేళ్ల షాక్స్ తీసి ఇవి వేస్తే సగం మంది "ఇదే చాలు, ఇంకేం వద్దు" అంటారు, ఎందుకంటే వాళ్లు బండిని ఎప్పుడూ కొత్త షాక్స్‌తో నడపలేదు. నువ్వూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు, జీటీ కొత్తలో ఎలా ఉండేదో నీకూ తెలియదు. డబ్బు బాగా మిగులుతుంది.

రెండోది కోనీ స్పెషల్ యాక్టివ్, పాత పేరు ఎఫ్ఎస్‌డీ. దీని లోపల అదనంగా ఒక వాల్వు ఉంటుంది. కదలిక చిన్నగా, గబగబా ఉంటే ఆయిల్‌కు పక్కదారి తెరిచి మెత్తబడుతుంది. కదలిక నెమ్మదిగా, పెద్దగా ఉంటే ఆ దారి మూసుకుని గట్టిపడుతుంది. ఇందాక చెప్పిన లెక్క గుర్తుందిగా, వంతెన దిగాక వచ్చే ఊపు సెకనుకు ఒకటిన్నర లోపు, చక్రం మీద చిన్న గతుకుల అదురు సెకనుకు పది పైన. ఈ రెండిటినీ విడదీసి చూడటమే దీని పని. నల్లరేగడి అలలూ, పగిలిన తారూ ఒకే రోడ్డులో ఉండే మనలాంటి చోటికి ఇది బాగా కుదురుతుంది. వెనక సీట్లో పెద్దవాళ్లుంటే మరీను.

మూడోది బిల్‌స్టీన్ బీ6. ఇది మోనోట్యూబ్. మామూలు షాక్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది, ఆయిల్, గ్యాస్ ఒకే చోట ఉంటాయి, బాగా వేడెక్కితే ఆయిల్ నురగ కట్టే ప్రమాదముంది. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం, ఆయిల్‌కూ గ్యాస్‌కూ మధ్య తేలే పిస్టన్ ఉంటుంది, గ్యాస్ ఒత్తిడి చాలా ఎక్కువ. నెమ్మది కదలికలో పట్టు చాలా గట్టిగా ఉంటుంది, స్టీరింగు తిప్పగానే బండి వెంటనే తిరుగుతుంది. ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు మాత్రం చిన్న గతుకులు కొంచెం తెలుస్తాయి. గ్యాస్ ఒత్తిడి వల్ల బండి కాస్త లేచినట్టు కూడా అనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

"మన రోహిణి కార్తె ఎండలకు మోనోట్యూబే కావాలి" అని అమ్మేవాళ్లు చెబుతారు. అందులో నిజం కొంతే. షాక్ లోపలి ఆయిల్‌ను బాగా వేడెక్కించేది బయటి ఎండ కన్నా నిర్విరామంగా కదిలే రాడ్. గుంటూరు నుంచి విజయవాడ 35 కిలోమీటర్ల నున్నటి హైవే మీద ఏ షాకూ నురగ కట్టేంత వేడెక్కదు. ఎండకు ముందు పాడయ్యేది రబ్బరు. మౌంట్లు, బుష్‌లు, డస్ట్ బూట్లు గట్టిపడి పగులుతాయి. అందుకే వాటి మీద అంత పట్టుపడుతున్నాను.

ఒకటి జాగ్రత్త. బీ6 అడిగితే స్టాకు లేదని బీ8 అంటగట్టేవాళ్లున్నారు, "ఇంకా పై మోడల్" అని. బీ8 దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసింది. కంపెనీ ఎత్తులో వేస్తే చక్రం కిందికి జారే చోటు చాలదు, ప్రతి గుంతలో రాడ్ చివరిదాకా సాగి "ఠక్" మంటుంది. పసుపు రంగు చూసి కూడా మోసపోకు. బీ6, బీ8, కోనీ స్పోర్ట్ అన్నీ పసుపే, నకిలీవాళ్లకూ పసుపు రంగు దొరుకుతుంది. పార్ట్ నంబరు కంపెనీ కేటలాగ్‌తో సరిపోల్చు, జీఎస్టీ బిల్లు తీసుకో.

నీ సంగతికి నా ఓటు కోనీ స్పెషల్ యాక్టివ్‌కు, కంపెనీ స్ప్రింగుల మీద. వారమంతా ఒక్కడివే, ఆదివారం వెనక అమ్మానాన్న అన్నావు కాబట్టి. ఒక్కడివే నడిపేవాడివైతే బీ6 అనేవాణ్ని. ధరలు నెలకోలా ఉంటాయి. కోనీ నాలుగూ తెస్తే మౌంట్లకూ అలైన్‌మెంట్‌కూ డబ్బు మిగలకపోతే మొదటి దారికి వెళ్లిపో. పాత మౌంట్ల మీద ఖరీదైన షాక్ కన్నా కొత్త మౌంట్ల మీద మామూలు షాక్ చాలా మేలు. ముందు కోనీ, వెనక మామూలువి అని సగం సగం మాత్రం చేయకు. ముందు గట్టిగా, వెనక తేలుతూ ఉంటే నీకు బాగానే ఉంటుంది, వెనక సీట్లో వాళ్లకు కడుపులో తిప్పుతుంది.

చక్రాల మాట మర్చిపోకు. 16 అంగుళాల చక్రం మీది 195/55 టైరు పక్కగోడ ఎత్తు 107 మిల్లీమీటర్లు, నీ 17 మీది 205/45ది 92. పదిహేను మిల్లీమీటర్ల గాలి పోయింది. గుంత అంచు మీద వచ్చే ఆ పదునైన దెబ్బ షాక్ దాకా రాకముందే మెత్తబడేది ఆ గాలిలోనే, పోయిన ఆ మెత్తదనాన్ని ఏ షాకూ తిరిగి ఇవ్వలేదు. ఇంట్లో ఉన్న 16 అంగుళాల చక్రాలు వేసి, బండి మీద కంపెనీ స్టిక్కర్‌లో ఉన్న గాలి ఒత్తిడి పెట్టి, వారం నడిపి చూడు. పైసా ఖర్చు లేదు. ఆ వారం తర్వాత నీకేం కావాలో నీకే ఇంకాస్త స్పష్టంగా తెలుస్తుంది. టైర్లు ఎప్పుడు తయారయ్యాయో పక్కన నాలుగంకెల కోడ్ చూసుకో, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేడేళ్లు దాటితే ముందు అవే కొను, షాక్స్ తర్వాత.

సామాను జాబితా మెకానిక్‌కు ముందే ఇవ్వు: ముందు స్ట్రట్ మౌంట్లు, వాటి బేరింగులు, బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు (రాడ్‌కు దుమ్ము తగలకుండా కప్పే రబ్బరు తొడుగులు), లింక్ రాడ్లు, వెనక షాక్స్ పై రబ్బర్లు. లోయర్ ఆర్మ్ బుష్ పగిలి ఉంటే అదీను. ఫోక్స్‌వ్యాగన్ కొన్ని బోల్టులు ఒక్కసారికే వాడమంటుంది, బిగించేటప్పుడు అవి సాగుతాయి. పాతవే తుడిచి పెట్టకుండా కొత్తవి తెప్పించు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు, ఏమనుకుంటారో అని మొహమాటపడకు. స్ప్రింగు విప్పేటప్పుడు స్ప్రింగ్ కంప్రెసర్ రెండు పక్కలా ఎదురెదురుగా తగిలించాలి. తాళ్లు కట్టి విప్పేవాళ్లుంటే అక్కణ్నుంచి వచ్చెయ్, నొక్కుకున్న స్ప్రింగు చిమ్మితే ప్రాణం మీదికొస్తుంది. పై నట్ బిగించడానికి ఎయిర్ గన్ కొట్టకూడదు, రాడ్‌ను యాలెన్ కీతో పట్టుకుని చేతి పానాతో బిగించాలి. మెరిసే ఆ రాడ్‌ను కటింగ్ ప్లయర్‌తో పట్టుకుంటే గీత పడుతుంది, ఆ గీత వెళ్లి సీల్‌ను కోస్తుంది, కొత్త షాక్ మూడు నెలల్లో కారుతుంది. తర్వాత అందరూ కంపెనీని తిడతారు.

బుష్‌ల బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే చేయాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, ఆ మెలికలోనే రోజూ పనిచేసి త్వరగా చిరుగుతుంది. మన దగ్గర ఎక్కువ షాపుల్లో జరిగే పొరపాటు ఇదొక్కటే, మిగతా పని బాగానే చేస్తారు. వెనక పని సులువు. పోలోలో వెనక స్ప్రింగు వేరే చోట, షాక్ వేరే చోట ఉంటాయి కాబట్టి స్ప్రింగు జోలికి పోనక్కర్లేదు.

స్ట్రట్ విప్పాక అలైన్‌మెంట్ తప్పనిసరి. టో, అంటే చక్రాలు ముందుకు చూసే దిశ, సరిచేస్తారు. క్యాంబర్ (చక్రం నిలువునా లోపలికో బయటికో వాలే కోణం) మాత్రం ఈ బండిలో మామూలుగా మార్చుకునే వీలు లేదు, సస్పెన్షన్ తగిలించిన సబ్‌ఫ్రేమ్ కాస్త జరిపి రెండు పక్కలా సమం చేయడం వరకే. ఎడమా కుడీ మధ్య పెద్ద తేడా చూపిస్తే స్ట్రట్ సరిగా కూర్చోలేదనో, ఏదో గుంతలో ఆర్మ్ వంగిందనో అర్థం. "ఇంతే సార్, అడ్జస్ట్ అవుద్ది" అంటే ఊరుకోకు, ప్రింటవుట్ తీసుకో. కొత్త రబ్బర్లు కుదురుకున్నాక, ఓ వెయ్యి కిలోమీటర్లకు, ఇంకోసారి చూపించు.

వేయించిన మొదటి రోజే కాజ టోల్‌గేట్ దాటాక వందకు పోకు. ముందు ఊళ్లో, తర్వాత ఎనభైలో, స్టీరింగు నిటారుగా ఉందా, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోందా చూసుకో. మొదటి వారంలో గతుకుల మీద కొత్తగా ఏదైనా టక్ టక్ వస్తే ముందు పై నట్లు, లింక్ రాడ్ నట్లు బిగింపు చూపించు.